వంకకు పోయే దారి

ప్రొద్దుటూరులో గాలం పట్టుకొని తిరిగేవాణ్ణి పనిలేనోళ్ల లెక్కలో వేస్తారు. బంగారు అంగళ్లు, బట్టల అంగళ్లు, పొద్దున లేస్తే రాత్రి దాకా బేరాలే. ఆ ఊళ్లో ఒక బట్టలంగట్లో గుమాస్తాగా ఉండిన మా నాయనకు మాత్రం సెలవు దొరికితే కాళ్లు నీళ్లవైపే లాగేవి. చేతిలో వెదురు బద్ద, జేబులో నైలాన్ దారం, కొబ్బరి చిప్పలో తడిమట్టి కప్పిన ఎర్రలు. ఆ చిప్ప మోసేది నేను.

మొదట్లో మేం పోయింది చాపాడు వైపు కేసీ కాలువ గట్టుకు. కర్నూలు దగ్గర సుంకేసులలో తుంగభద్ర నీళ్లు అందుకొని కడప దాకా వచ్చే కాలువ అది. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. పడవలు కూడా నడిపింది. లాభం కనపడక 1882లో ప్రభుత్వానికి అప్పజెప్పింది. కంపెనీ నష్టం మాకు మేలయింది. గట్టు సర్కారుది, ఎవరినీ అడిగే పని లేదు. రామేశ్వరం దగ్గర పెన్నలో దిగినా అంతే. ఇసుకలో నడుచుకుంటూ పోయి ఏ మడుగు పక్కన కూర్చున్నా ఎవరు నువ్వు అన్నవాడు లేడు. నీళ్ల దగ్గరికి పోయేదానికి ఒకరి మాట కావాలని నేను తెలుసుకున్నది కుందూ దగ్గర.

రాజుపాళెం వైపు కుందూ ఒడ్డంతా నల్లరేగడి. శనగ, ధనియాలు, పత్తి ఏటి అంచు దాకా వేస్తారు. రోడ్డు దిగి నీళ్లకు పోవాలంటే ఎవరిదో ఒకరి చేను దాటాల్సిందే. చేనుగలాయన కనపడితే మా నాయన గాలం కింద పెట్టి ఆయన దగ్గరికి పోయి నిలబడేవాడు. ముందు వాన సంగతి. తర్వాత శనగల ధర. ఆ తర్వాత ఆయన కొడుకు చదువు. చిట్టచివర, అప్పుడే గుర్తొచ్చినట్టు, "ఏటికాడ రవ్వంతసేపు కూచ్చుంటాం రెడ్డీ, మీ గనిమ మీద నడిచిపోతాం" అనేవాడు.

"పోండిప్పా, దానికి అడిగేదేముండాది!"

అడిగేదేముంది అన్నాడు గదా అని మళ్లీసారి అడక్కుండా పోతే మాత్రం ఆ గొంతు ఇంకో రకంగా ఉంటుందని మా నాయనకు తెలుసు. ప్రతిసారీ అడిగేవాడు. ప్రతిసారీ అదే జవాబు. నాకు ఒళ్లు మండేది. పొద్దెక్కితే చేపలు ఎర ముట్టవు, ఈయన శనగల ధర దగ్గరే ఉంటాడు.

గనిమ మీద నడిచేదానికీ ఒక వరస ఉంది. ఒకరి వెనక ఒకరు పోవాలి, పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ పోకూడదు. వాన పడిన రేగడిలో కాలు పెడితే మట్టి ముద్దలు ముద్దలుగా చెప్పుకు అంటుకొని లేస్తుంది, దాంతో పాటు మొలకా లేస్తుంది. అందుకని చెప్పులు చేతిలో పట్టుకొనేవాళ్లం. కంప జరిపి లోపలికి పోతే అప్పుడే మళ్లీ అడ్డం పెట్టాలి. వచ్చేటప్పుడు పెడదాంలే అనుకుంటే ఆలోపల ఎనుములు దూరుతాయి. బావిలో నీళ్లు తాగొచ్చు, మోటారు కొట్టం ఛాయలకు పోకూడదు. ఒక్క చెట్టు పీకి నాలుగు పచ్చి శనక్కాయలు నోట్లో వేసుకుంటే ఏమౌతుంది అనే మాట మా నాయన ముందు అనకూడదు. చేపలు పడితే తిరిగొచ్చేటప్పుడు రెండు ఆయన గుడిసె ముందు పెట్టిరావాలి. ఒకాయన చేపలు ముట్టని మనిషి. ఆయన కోసం మా నాయన ఊళ్లోనే మిరపకాయ బజ్జీలు, బొరుగులు పొట్లం కట్టించుకొనేవాడు. ఏటికి చేపల కోసం పోతూ బజ్జీలు మోసుకుపోయినవాళ్లు కడప జిల్లాలో మేమే అయ్యుంటాం.

తర్వాత నాకు టీచరు ఉద్యోగం వచ్చింది, జమ్మలమడుగు దగ్గర పల్లెలో వేశారు. ఆ ఊరు నా పాలిట స్వర్గం. పైన మైలవరం డ్యాం. గేట్లు ఎత్తితే పెన్న ఏరు, ఎత్తకపోతే మడుగుల వరస. బొచ్చె, శీలావతి డ్యాంలోంచి కొట్టుకొచ్చినవి. జెల్లలు, కొర్రమట్టలు ఏటివే. నేనూ మా బడి సారు ఇంకొకాయనా కలిసి ఒక వంక పెన్నలో కలిసే చోటికి పోయేవాళ్లం. రోడ్డు నుంచి అక్కడికి రెండు చేన్ల మధ్య బండ్ల బాట. ఎద్దుల బండి ఒకటి సుఖంగా పోయేంత వెడల్పు.

ఆ బాట మూతబడింది చేపలోళ్ల వల్ల కాదు, ఇసుక ట్రాక్టర్ల వల్ల. రాత్రిపూట లైట్లు ఆర్పి వచ్చేవి. బాట గుంతలు పడితే పక్కన చేన్లోకి ఎక్కించేవాళ్లు. ఒక పక్క రైతుకు రెండు సాళ్లు పోయినాయి, ఇంకో పక్కాయనకు పైపులైను పగిలింది. ఎవరికి చెప్పుకున్నా పలికినవాడు లేడు. చివరికి ఇద్దరూ కలిసి జేసీబీ పిలిపించి బాటకు అడ్డంగా కాలవ తీయించి, వెనక బండలు నిలబెట్టించారు. నాపరాళ్ల సీమ, అడ్డం పెట్టేదానికి బండలకు కరువేముంది. ట్రాక్టర్లు ఇంకో ఊరి దారి చూసుకున్నాయి. ఆగిపోయింది మేమూ, మేకలోళ్లూ, ఏట్లో బట్టలు ఉతుక్కునేవాళ్లూ.

మేం బండల సందులో దూరి పోతుంటే దూరం నుంచే అరుపు.

"ఎవుర్రా అది? యాడికి?"

దగ్గరికి పోయి నిలబడి, మా నాయన పద్ధతిలోనే, వాన దగ్గర మొదలుపెట్టాను. ఆయన వాన మాట విననే లేదు.

"సారోళ్లా? సారోళ్లయితే మాత్రం? మీరు చేపలకే వచ్చినారని నాకెట్ల తెలుస్తాది సారూ? పోయిన నెల మా మోటారు వైరు కోసకపోయినోడు గూడా గాలం పట్టుకొనే వచ్చినాడు. మూడు దినాలు చేను ఎండింది."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. రాగి వైరు కోసం స్టార్టర్లు, కేబుళ్లు ఎత్తుకుపోయే దొంగతనాలు ఈ పక్క రైతుకు ఎంత నష్టమో చూసినవాళ్లకే తెలుసు. తీగ అమ్మితే దొంగకు వచ్చేది కొంచెం, మళ్లీ బిగించుకునేదానికి రైతు పెట్టేది దానికి ఎన్నో రెట్లు, పైన పంట వాడుముఖం పడుతుంది. ఆయన కోపం మా మీద కాదు. అయినా ముందర నిలబడింది మేమే గదా.

బేరం కుదిరేదానికి చాలాసేపు పట్టింది. బండి ఆయన గుడిసె దగ్గర పెట్టాల. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు కనపడి పోవాల. మేం తప్ప మూడో మనిషి రాకూడదు. ఇంకొకటి ఆయన గొంతు తగ్గించి చెప్పినాడు: "పొద్దు గుంకినాక గనిమ దిగొద్దు సారూ. పందులకు తీగ పెట్టినా." అడవిపందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ లాగడం నేరమని ఆయనకూ తెలుసు. ఆ తీగ తగిలి మనుషులు చచ్చిపోయిన వార్తలు జిల్లా పేజీల్లో చదువుతూనే ఉంటాం, ఒక్కోసారి చనిపోయేది తీగ పెట్టిన రైతే. నేను ఆ సంగతి ఎత్తితే, "పంది వచ్చి ఒక్క రాత్రిలో చేనంతా దొల్లిస్తే నువ్వొచ్చి నాట్లేస్తావా?" అన్నాడు. రాత్రిపూట తెలియని చేన్లో అడుగు పెట్టొద్దని నేను ఎవరికైనా చెప్పేది మర్యాద కోసం కాదు, ప్రాణం కోసం.

ఆ ఒప్పందం చాలా కాలం నడిచింది. ఆయన గుడిసెలో టీ తాగడం మాకు అలవాటైంది, ఆయన మనవడికి లెక్కలు చెప్పడం నాకు అలవాటైంది. దాన్ని చెడగొట్టింది తోటాలు. బావుల్లో బండ పేల్చే తోటాలు ఎక్కడ సంపాదించారో గానీ, కొందరు కుర్రోళ్లు ఒక తెల్లవారుజామున ఏటి పైనుంచి వచ్చి మడుగులో వేసి పేల్చారు. మేం పోయేసరికి నీళ్ల మీద తెల్లగా పరిగెలు తేలుతున్నాయి. పెద్ద చేపలు ఏరుకుపోయారు, అడుగుకు పోయినవి అడుగునే కుళ్లినాయి. ఆ మడుగులో మళ్లీ చేప ఆడేదానికి రెండు వానకాలాలు పట్టింది. తోటాలు వేయడం 1897 నాటి చేపల చట్టంలోనే నేరం, నాలుగో సెక్షను. విషం కలపడం ఐదో సెక్షను. అంటే నూట పాతికేళ్ల నాడే ఈ పాడుపని ఉండింది, దానికి చట్టమూ ఉండింది. చేపలు మాత్రం అప్పటినుంచీ చస్తూనే ఉన్నాయి. మా రైతు ఈసారి మాతో మాట్లాడలేదు. బండల ముందు ముళ్లకంప కూడా వేయించినాడు. ఆయన్ను తప్పుపట్టేదానికి నాకు మనసు రాలేదు, ఇప్పటికీ రాదు.

ఆ రోజుల్లోనే నేను జమ్మలమడుగులో ఒక ప్లీడరును అడిగాను, అసలు ఆ బాట ఎవరిది, ఆ వంక ఎవరిది అని. ఆయన కూడా చిన్నప్పుడు పెన్నలో గాలం వేసిన మనిషే, కాబట్టి ఫీజు అడగలేదు. వంక సంగతి తేలిక, అన్నాడు. 1905 నాటి భూ ఆక్రమణ చట్టం రెండో సెక్షనులోనే ఉంది: ఏర్లు, వంకలు, చెరువులు, కాలువల కింది నేల, ఫలానా వాళ్ల సొంతమని రుజువైతే తప్ప, ప్రభుత్వానిది. అడంగల్లో వంక పోరంబోకు అని ఉంటుంది. వంకలోకి దిగినాక నిన్ను ఎవరూ లేపలేరు. చేను దాటడం వేరే సంగతి. అక్రమ ప్రవేశం నేరం కావాలంటే ఏదో నేరం చేయాలనో, బెదిరించాలనో, అవమానించాలనో, విసిగించాలనో ఉద్దేశం ఉండాలి. అప్పటికి అది ఐపీసీ 441, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 329. ఊరికే గనిమ మీద నడిచినవాణ్ణి జైల్లో వేయరు. అట్లని పోవద్దన్నాక పోతే ఆ ఉద్దేశం ఏందో నువ్వు కోర్టులో చెప్పుకోవాల.

"కుందూ కాడ మా నాయన కాలం నుంచి నడుస్తున్నాం గదా, వాడుక హక్కు రాదా?" అన్నాను.

ఆయన నవ్వాడు. 1882 ఈజ్‌మెంట్ల చట్టం పదిహేనో సెక్షను ప్రకారం ఇరవై ఏళ్లు అడ్డూ ఆపూ లేకుండా, బాహాటంగా, హక్కుగా వాడుకుంటే దారి హక్కు వస్తుంది. అదీ పక్కన సొంత భూమి ఉన్నవాడికి.

"మీకు ఆడ సెంటు భూమి లేదు. ఉన్నా లాభం లేదు సారూ. మీ నాయన పోయిన ప్రతిసారీ అడిగినాడంటిరి గదా? అడిగి నడిస్తే అది హక్కు కాదు, దయ. అడక్కుండా దబాయించి నడిచినోడికే హక్కు."

నా అనుభవంలో చట్టం గురించి విన్న మాటల్లో ఇంతగా కుదిపింది ఇంకొకటి లేదు. మర్యాదస్తుడి చేతికి కాగితం రాదు, మొండివాడికి వస్తుంది. దాని వెనక న్యాయం ఉందని ప్లీడరు వివరించాడు: ఒకరి మంచితనాన్ని పట్టుకొని వాళ్ల భూమి మీద హక్కు పెంచుకోనివ్వకూడదు గదా అని. ఒప్పుకుంటాను. అయినా నేను మా నాయన పక్షమే.

బండ్ల బాట సంగతి ఆ ఊరి పాత కరణం చెప్పాడు. గ్రామ నక్షాలో జంట చుక్కల గీతలతో ఆ బాట ఉందట, ఏటి దాకా. 1984లో ప్రభుత్వం కరణం, మునసబు ఉద్యోగాలు తీసేసినప్పుడు చాలామంది సంతోషించారు, కారణాలూ ఉన్నాయి. కానీ ఏ గనిమ పక్కన ఎన్ని అడుగుల రస్తా పోతుందో నోటితో చెప్పే మనిషి ఊళ్లో లేకుండా పోయాడు. "మీరు అడిగింది మీ నాయన దావ గాదు, ఊరి దావే" అన్నాడాయన. ఊరి బాటను ఇద్దరు రైతులు తవ్వేశారు. ఆ బాట మీద ట్రాక్టర్లు వాళ్ల పంట తొక్కాయి. ఎవరి తప్పు ముందు అని తూకం వేసేదానికి నేను కూర్చోను.

పులివెందులకు బదిలీ అయ్యాక ఈ కథ ఇంకో మలుపు తిరిగింది. అక్కడ మెట్ట చేన్లు పోయి చీనీ తోటలు, లింగాల వైపు అరటి. గనిమలు లేవు, ముళ్లకంప లేదు. రాతి కూసాలు, ఐదు వరసల తీగ, ఇనుప గేటు, తాళం. లోపల నేలంతా డ్రిప్పు పైపులు. నల్లరేగడిలో నేర్చుకున్న నడక ఇక్కడ పనికిరాదు. చెట్టు మొదలు వెంబడి పోయే ఆ సన్నటి పైపు మీద మడమ పడితే డ్రిప్పరు నలుగుతుంది. ఆ చెట్టుకు నీళ్లు అందడం లేదని ఆకు ముడుచుకునేదాకా ఎవరికీ తెలియదు. చీనీ చెట్టు కాపుకు వచ్చేదానికి నాలుగైదేళ్లు పెంచాలి. అందుకని తోటగలవాళ్లు మనుషులంటే అంత బెదురుతారు.

అక్కడ ఒక వంక రెండు తోటల మధ్య పోయేది. వానలు పడితే నడుం లోతు, మిగతా రోజులు బండల మధ్య చిన్న చిన్న మడుగులు, వాటిలో జెల్లలు. గేటు దగ్గర కాపలా ఉన్నాయన వేరే మండలం నుంచి వచ్చిన మనిషి.

"నీళ్లకాడికి పోనిస్తావానా?"

"నేనెవుర్ని సారూ పొమ్మనేదానికి? మా రెడ్డి బెంగుళూరులో ఉంటాడు. ఫోన్ చేసి అడుగుదామంటే, ఇంతదానికి ఫోనా అంటాడు. ఆయన వద్దనడు, నేను పోనిచ్చినానని తెలిస్తే ఊరుకోడు."

గేటు పక్కన నిలబడి ఆ మాటే చాలాసేపు నమిలాను. మా నాయన మర్యాదంతా చేన్లో ఒక మనిషి నిలబడి ఉంటాడన్న నమ్మకం మీద ఉండింది. వాన గురించి మాట్లాడేదానికి, శనగల ధర చెప్పేదానికి, పోండిప్పా అనేదానికి ఒకాయన ఉండాలి. ఇక్కడ ఉన్నది తాళం. తాళంతో వాన సంగతి మాట్లాడలేం. అడిగేదానికి మనిషి లేని చోట అడగడం అనే పద్ధతి దానంతటదే చచ్చిపోతుంది, ఎవరి చెడ్డతనమూ అక్కర్లేదు.

పైగా వంకే సన్నబడింది. ఒక పక్క తోట మూడు వరసల చెట్లు ముందుకు జరిగింది, చూసి రెండో పక్కాయన కట్ట పోయించాడు. 2021 నవంబరులో ఎడతెరపి లేకుండా వానలు పడ్డాయి. పాపఘ్ని పొంగి కమలాపురం దగ్గర పెద్ద వంతెనే కూలింది. మా వంక ఏ సర్వేయరునూ పిలవకుండా తన పాత హద్దు తను కొలుచుకుంది. ముందుకు జరిగిన చెట్లు, కూసాలు, గేటు అన్నీ కలిపి తీసుకుపోయింది. పంట పోయిన మనిషిని చూసి సంతోషించకూడదు. ఆ కాపలా ఆయన మాత్రం, "ఇప్పుడు పోండి సారూ, అడ్డమేముంది" అని నవ్వాడు.

పాపఘ్ని అంటే గుర్తొచ్చింది. గండి దగ్గర ఆంజనేయస్వామి గుడి ముందర ఏట్లో చేపలు కనపడుతూనే ఉంటాయి. నేను తిరిగిన రోజుల్లో అక్కడ గాలం వేసినవాణ్ణి చూడలేదు. బోర్డు లేదు, కాపలా లేదు, తాళం లేదు. దేవుడికి దొరికిన మర్యాద రైతుకు ఎందుకు దొరకదో మన చేపలోళ్లే ఆలోచించుకోవాలి.

రిటైరయ్యాక ఒకసారి గండికోట రిజర్వాయరు ఒడ్డుకు పోయాను. 26.85 టీఎంసీల జలాశయం. 2020లో నీళ్లు పెంచుతూ పోయినప్పుడు తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్ల జనం సామాన్లు ట్రాక్టర్లకు ఎత్తుకొని వెళ్లిపోయారు. ఒడ్డున పుట్టి బోర్లించి వల సరిచేసుకుంటున్న ఒకాయన మునిగిన ఊరి మనిషి. మాటల్లో చెయ్యెత్తి నీళ్ల మధ్య ఎండిపోయిన చింతచెట్టు కొమ్మ చూపించాడు.

"ఆ మాను మాదే. దాని చుట్టూ నాలుగెకరాలు మాదే. అప్పుడు మా చేన్లో ఎవుడన్నా కాలు పెడితే గెదిమేవాణ్ణి. ఇప్పుడు మా చేని మీద నేను వలెయ్యాలంటే లైసెన్సు కావాలంట."

రిజర్వాయర్లలో మత్స్యశాఖ లైసెన్సు ఉన్నవాళ్లే వల వేయాలి. తరాలుగా అదే బతుకైన బెస్తవాళ్ల పొట్టకొట్టకుండా ఆ నియమం ఉండాల్సిందే. ఆయన మాటకు మాత్రం నేను ఏమీ అనలేకపోయాను. ఆయన కూడా నా జవాబు కోసం చూడలేదు, చేపలు కొంటావా అని అడిగాడు. ఒక శీలావతి కొన్నాను.

ఏటికి పోయే దారి గొడవ మన ఒక్కరిదే కాదు. అమెరికాలో మోంటానా అనే రాష్ట్రం 1985లో ఒక చట్టం చేసింది. ఏటి అడుగు ఎవరి సొంతమైనా సరే, మామూలు వరద గీత లోపల ఎవరైనా నడవొచ్చు, చేప పట్టొచ్చు. కానీ ఆ ఏటికి చేరేదానికి ప్రైవేటు పొలం దాటే హక్కు ఇవ్వలేదు. అందుకని అక్కడి జనం రోడ్డు వంతెనల దగ్గర దిగుతారు. నేను కూడా ఇప్పుడు అదే చేస్తున్నాను. కల్వర్టు దగ్గర దిగి, వంకలోనే నడుచుకుంటూ పోతాను. మోకాళ్ల నొప్పులున్నవాడికి ఆ బండల మీద నడక శిక్షే. కానీ ఎవరి పైపూ తొక్కను.

ఇక మన సంగతి. 2020 డిసెంబరులో మన రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది. హద్దు రాళ్ల మీద ఎవరి పేరు ఉండాలని పెద్ద రచ్చే జరిగింది. రాయి ఎక్కడ పాతారన్నది అంతకంటే ముఖ్యం. మీ ఊళ్లో సర్వే జరిగి ఉంటే గ్రామ సచివాలయానికి పోయి కొత్త నక్షా చూపించమని అడగండి. ఏటికి పోయే రస్తా పాత నక్షాలో ఉండి కొత్తదాంట్లో లేకపోతే, వంక పోరంబోకు వెడల్పు తగ్గి ఉంటే, రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి నకలు దగ్గర పెట్టుకోండి. ఇంకా జరగకపోతే మీ చేను కొలిచే రోజు మాత్రమే గాక, రస్తా కొలిచే రోజూ అక్కడ ఉండండి.